జుట్టులేని తల, చెదరని నవ్వు

భరతముని తన నాట్యశాస్త్రంలో రసములను పేర్కొన్నపుడు శృంగారము తరువాత హాస్యమును, హాస్యము తరువాత కరుణమును నిలిపాడని తెలుగు తరగతిలో చదువుకున్నాము. పరీక్ష కోసం కంఠస్థం చేసిన ఆ వరుసలో హాస్యానికీ కరుణానికీ నడుమ ఒక్క అడుగు దూరమే ఉన్నదన్న సంగతి ఆనాడు నాకు తోచలేదు. అది తోచడానికి మా ఇంటికి ఒక వ్యాధి రావలసి వచ్చింది. ఏనాడూ చూడని డెన్మార్క్ దేశం నుండి ఒక నటి మా ముందుగదిలోనికి రావలసి వచ్చింది.

ఆ నటి పేరు ట్రీనె డ్యూర్‌హోల్మ్. ఆమె కథానాయికగా నటించగా సుసానె బీర్ అనే దర్శకురాలు 2012లో ఒక చిత్రాన్ని రూపొందించింది. నవ్వునూ దుఃఖాన్నీ కలిపి నేసిన చిత్రమది. ప్రపంచ విపణికి దానిని "లవ్ ఈజ్ ఆల్ యూ నీడ్" అన్న ముద్దుపేరుతో పంపారు. ప్రేమ ఒక్కటి ఉంటే చాలునని దాని భావం. కాని స్వదేశంలో దాని పేరు వేరు: "డెన్ స్కాలెడె ఫ్రిజర్". తెలుగులో చెప్పాలంటే, నెత్తిన వెంట్రుక లేని, వెంట్రుకలు దిద్దే మనిషి. ఇతరుల జుట్టు దువ్వి, కత్తిరించి, సింగారించి బ్రతికే స్త్రీకి తన జుట్టే రాలిపోయింది. మొదటి పేరు ఓదార్పు. రెండవ పేరు వేళాకోళం. ఆ వేళాకోళమే నిజమైన ఓదార్పని నాకు తెలియజెప్పినది మా అమ్మీ.

2018లో అమ్మీకి రొమ్ము క్యాన్సర్ అని తేలింది. మొదట శస్త్రచికిత్స, ఆ తరువాత ఆరు విడతల కీమోథెరపీ. ఇరవై ఒక్క రోజులకొకసారి కర్నూలు నుండి తుంగభద్ర ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాదుకు ప్రయాణం. క్యాన్సర్ కణాలు వేగంగా విభజన చెందుతాయి. అట్లా వేగంగా పెరిగే కణాలను వెదికి చంపుతుంది ఆ మందు. మన దేహంలో వెంట్రుకల కుదుళ్ళు కూడా అంత వేగంగానూ పనిచేస్తాయి గనుక, పాపం, వాటికీ ఆ శిక్ష తప్పదు. మొదటి విడత ముగిసిన మూడవ వారంలో ఒక ఉదయం అమ్మీ దువ్వెన పట్టుకొని చాలాసేపు కూర్చున్నది. దువ్వెన నిండా ఆమె జుట్టు. నడుము దాటిన ఆ జడను ప్రతి శుక్రవారం కొబ్బరినూనె రాసి అల్లినది మా ఆపా. ఆ రోజు ఆపా దొడ్లోకి వెళ్ళి ఏడ్చింది. అమ్మీ మాత్రం ఏడవలేదు. తలకు దుపట్టా చుట్టుకొని, "అన్నం వేళయింది, అబ్బాకు పెట్టు" అన్నది.

ఆనాటినుండి మా ఇంట నవ్వు మాయమయింది. వచ్చినవారెవరూ గట్టిగా మాట్లాడేవారు కారు. బంధువులు గుమ్మంలోనే కళ్ళు తుడుచుకొని, సబర్ చేయమని చెప్పి, యాపిల్ పండ్ల సంచీ పెట్టి వెళ్ళేవారు. చిన్నపిల్లలు గోల చేస్తే పెద్దలు కసిరేవారు. అమ్మీ ముందు మేము కూరలో ఉప్పెక్కువైందని కూడా అనేవాళ్ళం కాము. ఆమెను మేమందరము కలిసి ఒక రోగిగా మార్చివేశాము. మందు ఆమె జుట్టును తీసుకుంటే, మా జాలి ఆమె నుండి మిగిలినవన్నీ తీసుకున్నది. అయితే ఈ సంగతి మాకు అప్పుడు తెలియదు. మర్యాదగా, ప్రేమగా ప్రవర్తిస్తున్నామనే అనుకున్నాము.

ఆ స్థితిలో ఆపాకు నికా కుదిరింది. ముహూర్తం మే నెల. పెళ్ళివారికి సంగతంతా తెలుసు; వారు సహృదయులు. కాని అమ్మీ మాత్రం స్థిరంగా చెప్పింది: "నేను లోపలి గదిలో ఉంటాను. ఖాలా చూసుకుంటుంది. పెళ్ళికూతురి తల్లిని చూసి జనం ఏడవడం శుభం కాదు." ఒక విగ్గు కొన్నాము. తిరుమలలో భక్తులు సమర్పించిన తలనీలాలను దేవస్థానం వారు వేలం వేస్తారని, దేశదేశాల విగ్గులకు ఆ జుట్టు వెళుతుందని, ఇదీ అటువంటిదేనని అంగడివాడు చెప్పాడు. అమ్మీ దానిని చేతిలోకి తీసుకొని నిమిరి, "ఎవరో తల్లి తన దేవునికిచ్చిన జుట్టు. ఆ తల్లి మొక్కు తీరాలి, అల్లా ఆమెను చల్లగా చూడాలి" అన్నది. పెట్టుకొని అద్దంలో చూసుకున్నది. వెంటనే తీసి పెట్టెలో ఉంచింది. దురద పెడుతోందన్నది. కారణం అది కాదని నాకు తెలుసు.

ఆ రోజులలోనే ఒక ఆదివారం మధ్యాహ్నం అన్నయ్య ల్యాప్‌టాప్‌లో ఈ చిత్రం చూడడం తటస్థించింది. కథ తెలిసి పెట్టలేదు. సముద్రం, నిమ్మతోటలు, పెళ్ళి ఉన్నవని మాత్రం తెలిసి, అమ్మీకి కాలక్షేపం అవుతుందని పెట్టాను. పక్కింటి పెద్దమ్మ కూడా వచ్చి కూర్చున్నది. అబ్బా మాకు వెనుకగా కుర్చీలో వార్తాపత్రిక చాటున ఉన్నారు. తెర అడుగున ఆంగ్లంలో పడే మాటలను నేను అమ్మీకి ఉర్దూలోనూ, పెద్దమ్మకు తెలుగులోనూ చెబుతూ వచ్చాను.

కథానాయిక పేరు ఈడా అని చెప్పగానే పెద్దమ్మ అందుకున్నది: "ఈడనా? ఆ పిల్ల పేరు ఈడ అయితే మరి ఆడ ఏం జేస్తాంది?" మా కర్నూలు సీమలో ఈడ అంటే ఇక్కడ, ఆడ అంటే అక్కడ. అమ్మీ పెదవులు కదిలాయి. ఎన్ని వారాల తరువాతనో!

ఇక కథ. ఈడా కోపెన్‌హాగెన్‌లో కేశాలంకరణ వృత్తి చేసుకునే మధ్యవయస్కురాలు. రొమ్ము క్యాన్సర్ చికిత్స ముగించుకొని ఆస్పత్రి నుండి ఇంటికి వస్తుంది. రాగానే, తన భర్త లీఫ్, అతని కార్యాలయంలో జమాఖర్చులు చూసే థిల్డె అనే పడుచుపిల్లతో సోఫా మీద ఉండగా కళ్ళపడుతుంది. ఈ ఘట్టం చూడగానే నా గుండె ఆగిపోయినట్లయింది. చిత్రం ఆపివేయాలని చేయి చాచాను. అమ్మీ నా మణికట్టు పట్టుకొని, "నక్కో, రహనే దే" అన్నది. వద్దు, ఉండనీ అని.

ఉండనిచ్చాను. ఈడా కూతురు ఆస్ట్రిడ్ పెళ్ళి ఇటలీలోని సోరెంటోలో, వరుని తండ్రికి చెందిన పాత భవనంలో జరగవలసి ఉన్నది. ఈడా ఒంటరిగా బయలుదేరుతుంది. విమానాశ్రయంలో కారు నిలిపే చోట వెనుకకు తీయబోయి ఒక పెద్దమనిషి కారుకు గుద్దుతుంది. అతడు మండిపడతాడు. తీరా చూస్తే ఆయనే వరుని తండ్రి ఫిలిప్. పండ్లు, కూరగాయల వ్యాపారంలో ధనవంతుడైన ఆంగ్లేయుడు. భార్య పోయిననాటినుండి ఎవరితోనూ సరిగా మాట్లాడనివాడు. కొత్త వియ్యపురాలు, వియ్యంకుడు పెళ్ళికి ముందే కార్లు గుద్దుకొని పోట్లాడుకోవడం చూసి అమ్మీ నవ్వింది. దుపట్టా నోటికడ్డం పెట్టుకొని, భుజాలు కదిలేలా నవ్వింది. పెద్దమ్మ ఆమె తొడ మీద చరిచి, "బీబమ్మా, మన పిల్లదాని పెళ్ళిలో నీవు ఎవరినీ గుద్దొద్దు తల్లీ" అన్నది. వెనుక వార్తాపత్రిక కొంచెం కిందికి దిగింది.

ఫిలిప్ పాత్రను ధరించినవాడు పియర్స్ బ్రాస్నన్. గూఢచారి జేమ్స్ బాండ్‌గా లోకమెరిగిన నటుడు. ఆయన మొదటి భార్య కాసాండ్రా హారిస్ 1991లో అండాశయపు క్యాన్సర్‌తో మరణించింది. విధురుని పాత్రలో ఆయన ముఖంలో కనబడే ఆ బిగువుకు నటన ఒక్కటే కారణం కాదేమోనని తరువాత తెలిసినపుడు అనిపించింది. ఈ చిత్రంలో మరొక వింత ఉన్నది. ఫిలిప్ ఏళ్ళ తరబడి డెన్మార్క్‌లో ఉన్నవాడు గనుక డేనిష్ అర్థమవుతుంది. కాని తాను ఆంగ్లంలోనే మాట్లాడతాడు. తక్కినవారు ఆయనతో డేనిష్‌లో మాట్లాడతారు. ఎవరి భాష వారిది, సంభాషణ మాత్రం ఒకటే. విదేశీయులకు ఇది విచిత్రంగా తోచవచ్చును. అమ్మీకీ పెద్దమ్మకూ తోచలేదు. గోడ కిటువైపు నుండి ఉర్దూలో అమ్మీ, అటువైపు నుండి తెలుగులో పెద్దమ్మ ముప్పై ఏండ్లుగా మాట్లాడుకుంటున్నారు. కుడినుండి తెరిస్తే ఉర్దూగా, ఎడమనుండి తెరిస్తే తెలుగుగా కనిపించే మన సంచిక చదువరులకూ అది వింత కాబోదు.

ఇక్కడ ట్రీనె డ్యూర్‌హోల్మ్ గురించి నాలుగు మాటలు చెప్పాలి. 1972లో ఓడెన్స్ నగరంలో జన్మించింది. కథలరాజు హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ పుట్టిన ఊరు అదే. పద్నాలుగేండ్ల వయసున, 1987లో, డెన్మార్క్ జాతీయ గీతాల పోటీలో పాడి మూడవ స్థానం పొంది, ముందు గాయనిగా ఇంటింటా పరిచితురాలయింది. 1990లో "స్ప్రింగ్‌ఫ్లోడ్" అన్న తొలి చిత్రంతోనే ఆ దేశపు విమర్శకులిచ్చే బోడిల్ పురస్కారాన్ని ఉత్తమ నటిగా అందుకున్నది. 1998లో థామస్ వింటర్‌బెర్గ్ తీసిన "ఫెస్టెన్"లో హోటలు పనిమనిషి పియాగా నటించింది. తండ్రి అరవయ్యవ పుట్టినరోజు విందులో కొడుకు లేచి, ఆ తండ్రి చేసిన ఘోరాన్ని బయటపెట్టే భయంకర కథ అది. సుసానె బీర్ తీసిన "హేవ్నెన్" 2011లో ఉత్తమ విదేశీ భాషా చిత్రంగా ఆస్కార్ పొందినపుడు అందులోనూ ఆమె ఉన్నది. ఇట్లా బరువైన పాత్రలకు అలవాటుపడిన నటి హాస్యచిత్రంలోనికి వస్తే రెండు ప్రమాదాలున్నవి. నవ్వించాలన్న ఆత్రంతో అతి చేయడం ఒకటి. రోగి పాత్ర గదా అని అడుగడుగునా కన్నీరు కార్చడం మరొకటి. ఆమె రెండింటికీ దూరంగా నిలబడింది.

ఆమె చేసినదేమిటి? ఈడాను మంచిమనిషిగా చూపింది, అంతే. మంచితనాన్ని నటించడం కష్టం. తెర మీద దుర్మార్గునికి వేయి రంగులుంటాయి. మంచివారు చప్పగా తేలిపోతారు. ఈడా ముఖంలో చిరునవ్వు ముందు వస్తుంది, నొప్పి వెనుక వస్తుంది. ఎదుటివారు నొచ్చుకుంటారేమోనని ఆమె తన గాయాన్ని కొంగు చాటున దాచుకుంటుంది. భర్త ఏ సిగ్గూ లేక ఆ పడుచుపిల్లను వెంటబెట్టుకొని కూతురి పెళ్ళికే వస్తాడు. చుట్టూ అందరూ ఈడా ముఖంలోకి చూస్తారు. ఆమె ఏడ్చి ఉంటే అది కరుణం. తిట్టి ఉంటే రౌద్రం. ఆ క్షణంలో ఏమి చేయాలో తెలియక, మర్యాద తప్పక, తలమీది విగ్గు సరిగా ఉన్నదో లేదోనన్న ధ్యాస వదలక నిలబడిన ఆ మనిషిని చూస్తే నవ్వూ వస్తుంది, గుండే తరుక్కుపోతుంది. లీఫ్ పాత్రను కిమ్ బోడ్నియా ధరించాడు. భార్య జబ్బు తనకే పెద్ద కష్టమైనట్టు మాట్లాడే ఆ మొగుడిని ద్వేషించడానికి కూడా మనకు మనసొప్పదు. వట్టి మందమతి అనిపిస్తాడు.

ఈ మాట ఊరకే అనడం లేదు. తరువాత కొన్నేండ్లకు ఆమె నటించిన మరొక చిత్రం చూశాను: వింటర్‌బెర్గ్ తీసిన "కొలెక్టివెట్". అందులో ఆమె అన్నా అనే టెలివిజన్ వార్తల చదువరి. పది మంది కలిసి బ్రతికే ఇంటిలోనికి ఆమె భర్త తన ప్రియురాలైన పడుచు విద్యార్థినిని తెచ్చుకుంటాడు. గాయం ఈడాదే. అయితే అక్కడ హాస్యపు ఆసరా లేదు. అన్నా అందరి ఎదుట మెల్లమెల్లగా కూలిపోతుంది. ఆ నటనకు 2016 బెర్లిన్ చిత్రోత్సవంలో ఉత్తమ నటిగా రజత భల్లూకం లభించింది. విమర్శకులు అన్నాను మెచ్చుకోవడం న్యాయమే. అయినా నాకు ఈడాయే గొప్పగా తోస్తుంది. కూలిపోవడానికి అన్ని కారణాలూ ఉండి నిలబడిన మనిషిని, నిలబడుతున్నట్లు ఆర్భాటం లేకుండా చూపడం ఇంకా కష్టమని నా అభిప్రాయం. అభిప్రాయభేదం ఉన్నవారు రెండు చిత్రాలూ చూసి నిర్ణయించుకొందురు గాక.

చిత్రానికి ప్రాణమైన ఘట్టం సముద్రతీరాన ఉన్నది. ఒకనాడు ఈడా ఒంటరిగా కడలిలో ఈత కొడుతూ ఉంటుంది. విగ్గు లేదు, మరే ఆచ్ఛాదనా లేదు. వ్యాధి, వైద్యం కలిసి మిగిల్చిన దేహం ఆ నీలి నీటిలో తేలుతుంది. పైనుండి చూసిన ఫిలిప్ కంగారుపడి ఒడ్డుకు దిగి వస్తాడు. ఆమె నీటినుండి లేచి వస్తుంది. వెంట్రుక లేని ఆ తలను, ఆ మనిషిని అతడు మొదటిసారి చూస్తాడు. మన ఇండ్లలో ఇటువంటి దృశ్యం వస్తే చేతులు తమంతట తామే మీట వైపు వెళతాయి. నా చేయీ వెళ్ళింది. ఈసారి అమ్మీ నా వైపు చూడనుకూడా లేదు. రెప్ప వేయక తెరనే చూస్తున్నది. ఆ దృశ్యంలో సిగ్గుపడవలసినది ఏమీ కనబడలేదామెకు. తన వంటి దేహమొకటి దాగక ఎండలో నిలబడి ఉండడం మాత్రమే ఆమె చూచింది.

కాసేపటికి మెల్లగా అన్నది: "చిన్నప్పుడు నేనూ కె.సి. కాలువలో ఈత కొట్టేదాన్ని. మా అన్నలకంటే ముందు అవతలి గట్టు చేరేదాన్ని."

ఇరవై ఏండ్లుగా ఆమె కూతురిని. ఆ సంగతి నాకు తెలియదు. పెద్దమ్మకూ తెలియదు. వెనుకనుండి అబ్బా మాత్రం, "ఒకసారి మునగబోయింది కూడా. మీ మామూ చెప్పాడు" అన్నారు. అబ్బా వార్తాపత్రిక ఎప్పుడు మడిచిపెట్టారో మేము గమనించలేదు.

తరువాతి కథ వేగంగా చెబుతాను. వరునికి తన మనసు తనకే తెలియదని తేలి, పెళ్ళి పీటల దాకా వచ్చి ఆగిపోతుంది. ఫిలిప్ మరదలు బెనెడిక్టెగా పాప్రికా స్టీన్ చేసే హడావిడికి నవ్వక తప్పదు. అందరూ తిరిగి తమ ఊళ్ళకు పోతారు. లీఫ్ పశ్చాత్తాపంతో రాగా ఈడా మొదట సరేనంటుంది. పాత అలవాటు గదా. ఆ తరువాత ఆలోచించి అతణ్ణి విడిచి సోరెంటోకు, నిమ్మతోటలోని ఫిలిప్ వద్దకు వెళుతుంది. జబ్బు తిరిగి వస్తుందో రాదో అన్న ప్రశ్న ఆమెతోబాటే వెళుతుంది. ఈ చిత్రానికి 2013లో ఐరోపా చలనచిత్ర పురస్కారాలలో ఉత్తమ హాస్యచిత్రమన్న గౌరవం దక్కింది. హాస్యచిత్రమని వారు నిర్ణయించడం నాకు సంతోషం కలిగించింది.

లోపాలు లేవా? ఉన్నవి. థిల్డెను వట్టి తెలివితక్కువ బొమ్మగా మలచారు. ఆమెకూ ఒక మనసుండి ఉంటుంది. సముద్రం, కొండలు, పసుపుపచ్చని నిమ్మపండ్లు ఒక్కొక్కచోట క్యాలెండరు బొమ్మలను తలపిస్తాయి. అన్నింటికంటె పెద్ద లోపాన్ని అమ్మీయే చెప్పింది. చిత్రం ముగియగానే, "బాగున్నది. కాని జబ్బుచేసిన ప్రతి ఆడదానికీ నిమ్మతోట ఉన్న మారాజు దొరకడు గదా" అన్నది. పెద్దమ్మ, "మారాజు ఎందుకు బీబమ్మా, నా పెరట్లో నిమ్మచెట్టు ఉండాది, రా" అన్నది. ఇద్దరూ పడిపడి నవ్వారు.

అప్పుడు అబ్బా లేచి నిలబడి, "బేవకూఫ్ ఆద్మీ" అన్నారు.

"ఎవరు?" అన్నది అమ్మీ.

"ఆ లీఫ్."

కాసేపు మౌనం. తరువాత మరింత నెమ్మదిగా, "మై భీ" అన్నారు. నేనూ అలాంటివాడినే అని.

మాకు అర్థం కాలేదు. అమ్మీకి అర్థమయింది. ఆమె జుట్టు రాలిన నాటినుండి అబ్బా ఆమె ముఖంలోకి చూసి మాట్లాడలేదట. మందులు వేళకు ఇచ్చారు, రైలులో కిటికీ పక్క చోటు చూసి కూర్చోబెట్టారు, రాత్రులు మేల్కొన్నారు. చూపు మాత్రం నేల మీదనే. తన కళ్ళలోని భయం ఆమె చూడరాదని ఆయన దించుకున్న చూపును, తన రూపం చూడలేక తిప్పుకున్న చూపుగా ఆమె తలచింది. నాలుగు నెలలు ఇద్దరూ ఆ పొరపాటుతో ఒకే కప్పు కింద మెలిగారు. ఇద్దరిలో ఎవరూ ఒక మాట అడగలేదు. రోగి ఇంటిలో అటువంటి మాటలు ఎవరు అడుగుతారు? అబ్బా వచ్చి ఆమె ఎదుట నేలమీద కూర్చున్నారు. నేనూ పెద్దమ్మా చాయ్ పెట్టే మిషతో వంటింట్లోకి వెళ్ళాము. ఆ సాయంత్రం చాయ్ కాచడానికి మాకు చాలాసేపు పట్టింది.

మే నెలలో నికా జరిగింది. అమ్మీ లోపలి గదిలో కూర్చోలేదు. విగ్గు పెట్టుకోలేదు. ఆకుపచ్చ దుపట్టా తలచుట్టూ కప్పుకొని జనానాలో అందరి నడుమ, పెళ్ళికూతురి పక్కన కూర్చున్నది. అనుకున్నట్లే ఒక దూరపు బంధువు ఆమెను చూడగానే ఆవిడ మెడ మీద పడి ఏడుపు మొదలుపెట్టింది. అమ్మీ ఆమె వీపు నిమురుతూ, "ఏడవకు. తలనూనె ఖర్చు మిగిలింది, ఆ డబ్బుతోనే పిల్లకు గాజులు కొన్నాను" అన్నది. ఒక క్షణం ఎవరికీ నవ్వాలో వద్దో తెలియలేదు. మొదట పెద్దమ్మ నవ్వింది. ఆ వెంటనే పెళ్ళికూతురు, తలవంచుకొని కూర్చోవలసిన పెళ్ళికూతురు, పకపకా నవ్వేసింది. ఇక గది గదంతా నవ్వింది. ఏడ్చిన బంధువు కూడా కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

ఆ నవ్వు విన్నపుడు నాకు ఈడా గుర్తు వచ్చింది. వ్యాధిగ్రస్తుల ఎదుట నవ్వరాదన్న నియమాన్ని మనకు ఎవరు నేర్పారో తెలియదు. అది దయ అనుకుంటాము. నవ్వని ఇంటిలో రోగి తన జబ్బును తప్ప మరేమీ చూడలేదు. తాను ఒకనాడు ఈతలో అన్నలను ఓడించిన పిల్లనన్న మాట కూడా ఆమెకు జ్ఞాపకం రాదు. పరిహసించడం వేరు, కలిసి నవ్వడం వేరు. మొదటిది ఎదుటివారిని చిన్నబుచ్చుతుంది. రెండవదానికి వారిని మనతో సమానంగా కూర్చోబెట్టుకోవాలి. ట్రీనె డ్యూర్‌హోల్మ్ ఆ పాత్రలో చేసిన పని ఇదేనని నేననుకుంటాను. ఆమె ఈడాను చూసి జాలిపడమని మనల్ని అడగలేదు. ఆమె పక్కన కూర్చోమని అడిగింది. మనం కూర్చున్న తరువాత దుఃఖం దానంతట అదే వచ్చింది, ఎవరూ పిలవకుండానే. భరతముని ఆ రెండు రసాలనూ పక్కపక్కన నిలపడంలోని ఔచిత్యం నాకు అప్పటికిగాని బోధపడలేదు.

అమ్మీకి జుట్టు మళ్ళీ వచ్చింది. కీమో తరువాత వచ్చే జుట్టు కొందరికి తీరు మారి వస్తుందని వైద్యులు ముందే చెప్పారు. నిటారుగా ఉండే ఆమె జుట్టు ఉంగరాలు తిరిగి వచ్చింది, సగం నెరిసి. "ముసలితనంలో సినిమా తార జుట్టు ఇచ్చాడు దేవుడు" అంటుంది. విగ్గును అవసరమున్న మరొకరికి ఇచ్చివేసింది. ఇచ్చేటప్పుడు, ఇది ఎవరో తల్లి మొక్కు, జాగ్రత్తగా చూసుకొమ్మని చెప్పింది. పరీక్షలకు ఇప్పటికీ వేళకు హైదరాబాదు వెళ్ళివస్తారు, ఇద్దరూ. ఫలితం వచ్చేదాకా ఇంటిలో అందరికీ గుండె దడే. అయితే ఆ వారం రోజులూ మాటలు ఆగవు, కూరలో ఉప్పు గురించి గొడవ కూడా ఆగదు.

మొన్న కవరు వచ్చిన రోజున అబ్బా కళ్ళజోడు వెదుకుతున్నారు. పెద్దమ్మ గోడమీదుగా తొంగిచూసి, "బీబమ్మా, యాడుండావు?" అని కేకవేసింది. లోపలినుండి అమ్మీ, తనకు వచ్చిన ఆ కాసిని తెలుగు ముక్కలతో, నవ్వుతూ బదులు పలికింది:

"ఈడనే ఉండా అక్కా, ఈడనే."